చెత్త బిన్లను లాగే యంత్రం కొనేముందు ర్యాంపును కొలవండి

ఆసుపత్రి, హోటల్, పెద్ద అపార్ట్‌మెంట్, కర్మాగారం ఏదైనా కానివ్వండి, బరువైన చెత్త బిన్లను మనుషుల చేత తోయించడం మానేసి బ్యాటరీ యంత్రం కొనాలని నిర్వాహకులు నిర్ణయించుకున్నాక సాధారణంగా మొదట అడిగే ప్రశ్న, అది ఎన్ని కిలోలు లాగుతుంది అన్నదే. అమ్మేవారు వెయ్యి కిలోలనో, రెండు వేల కిలోలనో ఒక అంకె చెబుతారు. ఆ అంకెలో అబద్ధం ఉండదు గాని, సాధారణంగా అది చదునుగా, పొడిగా, నున్నగా ఉన్న నేలకు వర్తించే అంకె. విశాఖపట్నంలో బిన్ అటువంటి నేల మీద బయలుదేరి అటువంటి నేల మీదే గమ్యం చేరే ఆవరణలు తక్కువ. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఒక్కదానికే ఎగువ వైపును కేజీహెచ్ అప్ అనీ, దిగువ వైపును కేజీహెచ్ డౌన్ అనీ పిలుచుకునే ఊరు మనది. మధురవాడ ఐటీ కొండల మీద భవనం వెనుక గేటుకూ ముందు గేటుకూ మధ్య ఒక అంతస్తు తేడా ఉండవచ్చు. చదును ప్రాంతంలోని అపార్ట్‌మెంట్‌లో సైతం చెత్త సెల్లార్‌లో పోగవుతుంది, దాన్ని తీసుకువెళ్లే వాహనం రోడ్డు మీద ఆగుతుంది, ఆ రెంటి మధ్యా కార్ల కోసం కట్టిన నిటారు ర్యాంపు ఉంటుంది. అందువల్ల బిన్ ప్రయాణించే దారిలో అన్నిటికన్నా ఏటవాలుగా ఉన్న చోటును టేపుతో కొలిచి, ఆ కొలతను చేతిలో పెట్టుకుని యంత్రాన్ని వెతకమని నా సలహా.

బరువు వేరు, తోయడానికి పట్టే బలం వేరు

మన దగ్గర వాడుకలో ఉన్న చక్రాల బిన్లలో 120, 240 లీటర్లవి రెండు చక్రాలవి. 660, 1100 లీటర్లవి నాలుగు చక్రాలవి. 1100 లీటర్లదాన్ని చాలామంది డంపర్ బిన్ అంటారు. ఈ బిన్లకు వర్తించే యూరప్ ప్రమాణం ఈఎన్ 840 లీటరుకు 400 గ్రాముల చెత్త అన్న లెక్క మీద నడుస్తుంది. దాని ప్రకారం 240 లీటర్ల బిన్ చెత్తతో కలిపి 110 కిలోలు, 1100 లీటర్ల బిన్ 510 కిలోలు దాటకూడదు. కాగితాలు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ వంటి పొడి చెత్త ఈ హద్దుకు చాలా దిగువనే ఉంటుంది. హోటల్ వంటగది నుంచి వచ్చే తడి చెత్త మాత్రం లీటరుకు అరకిలో దాటడం మామూలే కాబట్టి, డంపర్ బిన్‌ను తడి చెత్తతో అంచుదాకా నింపితే అది తయారైన హద్దును మించిన బరువుతో నడుస్తున్నట్టే లెక్క. బీచ్ రోడ్డు దుకాణాల కొబ్బరిబొండాలు, ఫిషింగ్ హార్బర్ దగ్గరి చేపల వ్యర్థాలు కూడా బరువైన చెత్తే. మూత తెరిచి వదిలిన బిన్‌లో వాన నీరు చేరితే ప్రతి లీటరూ ఒక కిలో అదనం. తడి చెత్తకు 240 లీటర్ల బిన్లు, పొడి చెత్తకు పెద్ద బిన్లు అని విడదీసుకోవడం ఏ యంత్రమూ కొనకుండానే చేయగలిగిన మొదటి మంచి పని.

ఇక బలం సంగతి. చెత్తతో కలిపి 350 కిలోలున్న నాలుగు చక్రాల బిన్‌ను నున్నని చదును నేల మీద, మంచి చక్రాలతో కదులుతూ ఉంచడానికి సుమారు 7 కిలోల బలం చాలు. కదిలించే క్షణంలో దానికి రెట్టింపో, ఇంకాస్త ఎక్కువో పడుతుంది. అదే బిన్‌ను 12 అడుగుల దూరానికి ఒక అడుగు ఎత్తు పెరిగే ర్యాంపు ఎక్కించాలంటే ఆ 7 కిలోలకు మరో 29 కిలోలు చేరతాయి. 8 అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే సెల్లార్ ర్యాంపు మీద మొత్తం 50 కిలోల బలం కావాలి, అదీ ర్యాంపు పొడవునా, ఎక్కడా సడలకుండా. బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ మార్గదర్శకాలు పురుషులకు సరుకును కదిలించడానికి లేదా ఆపడానికి సుమారు 20 కిలోల బలం, కదులుతూ ఉంచడానికి 10 కిలోల బలం అనీ, మహిళలకు 15, 7 కిలోలనీ సూచిస్తాయి. ఆ కొలతతో చూస్తే సెల్లార్ ర్యాంపు మీద ఒక్క బిన్‌కు ఐదుగురు పురుషులు కావాలి. మన ఆవరణల్లో ఆ పనికి ఇద్దరే కనిపిస్తారు, వారిలో ఒకరు తరచుగా నడివయసు మహిళ. వారి నడుములు, భుజాలు అరిగిపోవడం వెనుక ఉన్నది ఈ లెక్కే. గాయం కలిగించేంత బరువును ఎవరి చేతా ఎత్తించరాదు, మోయించరాదు, జరిపించరాదు అన్న నియమాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్‌లోనే రాశారు. మనుషుల బలహీనత అని సరిపెట్టుకోవలసిన విషయం కాదిది.

ఈ లెక్క మరొక వైపుకూ పనికొస్తుంది. దారి అంతా చదునుగా ఉండి, బిన్లు 200 కిలోలు దాటకపోతే యంత్రం అవసరం లేకపోవచ్చు. అరిగిపోయి, పీచులు చుట్టుకున్న చక్రాలను తీసేసి మంచి రబ్బరు చక్రాలు బిగించి, గుమ్మాల దగ్గర, కాలువ జాలీల దగ్గర ఎత్తుపల్లాలు సరిచేయిస్తే ఆ డబ్బు ఎక్కువ మేలు చేస్తుంది.

నడిచి నడిపే టగ్, ఎక్కి నడిపే ట్రాక్టర్

ప్రధానమైన ఎంపిక ఈ రెంటి మధ్యనే. నడిచి నడిపే ఎలక్ట్రిక్ టగ్ అంటే మనిషి హ్యాండిల్ పట్టుకుని పక్కనో వెనుకనో నడుస్తూ నడిపే చిన్న యంత్రం. అది బిన్‌కు కొక్కెంతో తగులుకుని, మనిషి నడక వేగంతోనే లాగుతుంది లేదా నెడుతుంది. ఇరుకు దారుల్లో, లిఫ్టు ముందు, పార్కింగ్ స్తంభాల మధ్య తిరగగలదు. ఎక్కి నడిపే టో ట్రాక్టర్‌లో మనిషి కూర్చుని లేదా నిలబడి నడుపుతాడు, వెనుక నాలుగైదు బిన్లను రైలులా తగిలించుకోవచ్చు. దూరం ఎక్కువగా ఉండి, దారి వెడల్పుగా ఉండి, రోజుకు పదుల కొద్దీ బిన్లు కదలవలసిన చోట, అంటే పెద్ద కర్మాగారంలోనో విశాలమైన క్యాంపస్‌లోనో, దానికి సాటి లేదు. రెండు వందల మీటర్ల దూరానికి, పది బిన్లకు ట్రాక్టర్ కొనడం మాత్రం డబ్బు దండగ. పైగా వేగం, మలుపులు, వెనుక బిన్ గోడకు రాసుకోవడం వంటి కొత్త ప్రమాదాలను ఆవరణలోకి తెచ్చుకోవడం.

టగ్‌ను ఎంచుకునేటప్పుడు అందరూ మోటారు శక్తిని చూస్తారు. ర్యాంపు మీద అంతకన్నా ముందు తేలేది నేల మీద చక్రం పట్టు. 150 కిలోల టగ్ బరువంతా దాన్ని నడిపే చక్రం మీదనే పడుతుందనుకున్నా, పొడి కాంక్రీటు మీద అది సుమారు 90 కిలోల బలంతో లాగగలదు. తడి, జిడ్డు కలిసిన నేల మీద ఆ పట్టు సగానికి, అంటే 45 కిలోలకు పడిపోవచ్చు. పైన చెప్పిన 350 కిలోల బిన్‌కు సెల్లార్ ర్యాంపు మీద 50 కిలోలు, టగ్ తన సొంత బరువును ఎక్కించుకోవడానికి మరో 20 కిలోలు, వెరసి 70 కిలోలు కావాలి. అంటే ఎండాకాలంలో చక్కగా ఎక్కిన యంత్రం అక్టోబరు వానల్లో అదే ర్యాంపు మీద చక్రం తిప్పుకుంటూ వెనక్కి జారుతుంది. మోటారు ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు. బిన్ బరువులో కొంత భాగాన్ని తన మీదికి ఎత్తుకునేలా కొక్కెం అమర్చిన టగ్‌లకు ఈ విషయంలో స్పష్టమైన ఆధిక్యం ఉంది, ఎందుకంటే బరువు పెరిగినకొద్దీ చక్రం పట్టు కూడా పెరుగుతుంది. ఏటవాలు దారులున్న మన ఊరికి నేను సిఫారసు చేసేది ఆ రకాన్నే. మూడు బిన్లను ఒకేసారి లాగుతుందని చెప్పే టగ్ ఆ పని చదునులో చేయవచ్చు. 8 అడుగులకు ఒక అడుగు ర్యాంపు మీద మూడు బిన్లకు 150 కిలోల బలం కావాలి కాబట్టి, ర్యాంపు మీద ఒక్కొక్కటిగానే తీసుకువెళ్లాలని ముందే రాసిపెట్టుకోవాలి.

ఎక్కడం కన్నా దిగడం ప్రమాదకరం. ఎక్కేటప్పుడు మోటారు బలం చాలకపోతే యంత్రం ఆగిపోతుంది. దిగేటప్పుడు బ్రేకు చాలకపోతే బిన్ మనిషి మీదికి వస్తుంది. హ్యాండిల్ వదిలిన మరుక్షణం దానంతటదే పడే బ్రేకు, కరెంటు పోయినా బ్యాటరీ అయిపోయినా పడే ఉండే విద్యుదయస్కాంత బ్రేకు, మనిషికీ గోడకూ మధ్య యంత్రం ఇరుక్కుపోకుండా హ్యాండిల్ చివర పొట్టకు తగలగానే వెనక్కి మళ్లించే బటన్, ఈ మూడూ లేని టగ్‌ను ధర ఎంత తక్కువైనా కొనవద్దు. ఎక్కేటప్పుడైనా దిగేటప్పుడైనా టగ్, మనిషి ఇద్దరూ బిన్‌కు ఎగువనే ఉండాలి. ట్రాక్టర్ విషయంలో మరొక చిక్కు ఉంది. దానికి బ్రేకు ఉంటుంది గాని వెనుక బిన్లకు ఉండదు; దిగుడులో ట్రాక్టర్ వేగం తగ్గించగానే వెనుక బిన్లు ముందుకు నెట్టుకువచ్చి వరుస మధ్యలో మడతపడుతుంది. అందుకే నిటారు ర్యాంపు ఉన్న దారిలో బిన్ల రైలు వద్దనే అంటాను. బిన్లకు తాడు కట్టి ఆటో వెనుకో స్కూటర్ వెనుకో లాగడం ఇదే ప్రమాదానికి ఇంకా ఘోరమైన రూపం, ఎందుకంటే తాడు లాగగలదు గాని ఆపలేదు.

ఇప్పటికే ఉన్న యంత్రాలతో సరిపెట్టుకోవచ్చా

గోడౌన్ ఉన్న సంస్థల్లో, సరుకు పేర్చిన పలక (ప్యాలెట్) కింద రెండు ఇనుప పళ్లు (ఫోర్కులు) దూర్చి ఎత్తే బ్యాటరీ ప్యాలెట్ ట్రక్కు ఎలాగూ ఉంటుంది కాబట్టి దానితోనే బిన్లను జరపవచ్చు కదా అన్న ఆలోచన సహజమే. దాని ఫోర్కుల కింద ఉండే చక్రాలు చాలా చిన్నవి. సిమెంటు పగుళ్లలో, జాలీల మీద అవి ఇరుక్కుంటాయి. నాలుగు చక్రాల బిన్ అడుగు ఫోర్కుల మీద స్థిరంగా కూర్చునేలా తయారైనది కాదు. చదునైన గోడౌన్ లోపల, ప్యాలెట్ మీద కట్టిపెట్టిన బిన్ వరకు అభ్యంతరం లేదు. ఫోర్క్‌లిఫ్ట్ విషయం వేరు. లోహపు తుక్కు, నిర్మాణ వ్యర్థాల వంటి వాటికి, ఫోర్కులు దూరే గొట్టాలతో తయారైన పెద్ద ఇనుప తొట్టెలకు (స్కిప్‌లకు) అది సరైనదే. ప్లాస్టిక్ చక్రాల బిన్‌ను ఫోర్కుల మీద ఎత్తి, ముందు దారి కనిపించని స్థితిలో, మనుషులు తిరిగే ఆవరణలో నడపడం మాత్రం తగదు.

రెండు చక్రాల 240 లీటర్ల బిన్లకు ప్రత్యేకమైన మూవర్లు ఉన్నాయి. బిన్‌ను వెనక్కి వంచి పట్టుకుని, ఒకటి లేదా రెండింటిని ఒకేసారి తీసుకుపోతాయి. తడి చెత్తను చిన్న బిన్లలోకి మార్చుకున్న హోటళ్లకు ఇవి బాగా నప్పుతాయి. బిన్‌ను, చెత్తను నొక్కి కుదించే కంపాక్టర్‌లోకో లారీలోకో ఒంపడానికి లిఫ్టర్ మరో యంత్రం. దారి అంతా టగ్ లాగి, చివరన ఇద్దరు మనుషులు భుజాలతో ఎత్తి ఒంపుతుంటే ఆ కొనుగోలు సగమే అయినట్టు.

లిఫ్టు, బ్యాటరీ, ఉప్పు గాలి

బిన్ లిఫ్టులో దిగవలసి ఉంటే లిఫ్టు లోపలి పలకను చదవండి. మన దేశంలో సాధారణంగా ఒక్కో మనిషికి 68 కిలోల లెక్కన 8 మంది లిఫ్టు 544 కిలోలకు, 10 మంది లిఫ్టు 680 కిలోలకు, 13 మంది లిఫ్టు 884 కిలోలకు తయారవుతుంది. నిండిన డంపర్ బిన్ 510, టగ్ 150, నడిపే మనిషి 70 కిలోలు కలిపితే 730 కిలోలు. పది మంది లిఫ్టు దానికి చాలదు. ఇలాంటి చోట పై అంతస్తుల్లో చిన్న బిన్లు, కింది అంతస్తు నుంచి పెద్ద బిన్లు, టగ్ కింది అంతస్తులో మాత్రమే అన్న ఏర్పాటు మేలు.

బ్యాటరీల్లో లెడ్ యాసిడ్ చవక, బరువు. ఆ బరువు చక్రం పట్టుకు కొంత సాయపడుతుంది కూడా. కానీ దానికి డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి, రాత్రంతా చార్జింగ్‌లో పెట్టాలి, చార్జింగ్ సమయంలో మండే స్వభావం ఉన్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి గాలి ఆడని సెల్లార్ మూల దానికి పనికిరాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ధర ఎక్కువైనా మధ్యాహ్నం విరామంలో కాసేపు చార్జింగ్ పెట్టుకోవచ్చు, నిర్వహణ దాదాపు ఉండదు. రెండు షిఫ్టులు నడిచే ఆసుపత్రికి లిథియం, పొద్దున ఒక్కపూట మాత్రమే బిన్లు కదిలే అపార్ట్‌మెంట్‌కు లెడ్ యాసిడ్ అని నా అభిప్రాయం. రెంటిలో దేన్ని ఎంచుకున్నా చార్జింగ్ పాయింటును చెత్త పోగుచేసే గదికి దూరంగా పెట్టాలి.

సముద్రపు గాలిని తేలికగా తీసుకోకూడదు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ దాకా తీరం వెంట ఉన్న ఆవరణల్లో మామూలు పెయింటు వేసిన ఇనుము, ఎక్కడైనా గీత పడితే చాలు, అక్కడి నుంచి తుప్పు పడుతుంది. చట్రానికి కరిగిన జింకులో ముంచి పూత పెట్టే వేడి గాల్వనైజింగ్, కొక్కేనికీ పిన్నుకూ 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. 304 రకం కన్నా అది ఉప్పును బాగా తట్టుకుంటుంది. తుప్పుతో సన్నబడిన కొక్కెం పిన్ను ర్యాంపు మధ్యలో తెగితే పైన చెప్పిన బ్రేకులన్నీ నిష్ఫలమే, కనుక ఆ పిన్నును ప్రతి వారం చూడాలి. నీటి నుంచి రక్షణను సూచించే గుర్తుల్లో ఐపీ 54 చిందులను, ఐపీ 65 పైపు ధారను తట్టుకుంటాయి. రెండూ ప్రెషర్ పంపుతో కడగడానికి ఉద్దేశించినవి కావు. బిన్లను కడిగే మనిషి అదే పంపుతో టగ్‌ను కూడా కడిగేస్తాడని ముందే ఊహించి, అతనికి ఆ తేడా చెప్పి ఉంచాలి.

ఏ చోటికి ఏది

ఆసుపత్రికి బిన్ బరువును కొంత ఎత్తుకునే టగ్ సరైనది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల వారీగా వేరుచేసిన వ్యర్థాలను ఇతర చెత్తతో కలపనివ్వవు, శరీర భాగాలు, రక్తం వంటివి అంటిన వ్యర్థాలను శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి నిల్వ ఉంచనివ్వవు. కాబట్టి జీవవైద్య వ్యర్థాలకు వేరే బండి, వీలైతే వేరే టగ్ కేటాయించాలి. పగుళ్లు, మూలలు తక్కువగా ఉండి క్రిమిసంహారక మందుతో తుడవడానికి అనువైన యంత్రాన్ని ఎంచుకోవాలి. అపార్ట్‌మెంట్‌కు సెల్లార్ ర్యాంపు నిటారుగా ఉంటే ఒక్క బిన్‌కు సరిపోయే టగ్, ర్యాంపు లేకపోతే మంచి చక్రాలు చాలు. బీచ్ ఒడ్డు హోటల్‌కు 240 లీటర్ల బిన్లు, వాటి మూవర్, ఒక లిఫ్టర్ కలిసి బాగా పనిచేస్తాయి. కొండ మీది ఐటీ ప్రాంగణంలో భవనాల మధ్య దూరం ఎక్కువైతే చదును రోడ్ల మీద ట్రాక్టర్, భవనం లోపల టగ్ అని రెండూ అవసరం కావచ్చు. పరవాడ ఫార్మా సిటీ వంటి చోట్ల ద్రావకాలు అంటిన వ్యర్థాలు, వాటి ఆవిరి ఉండే ప్రదేశాల్లోకి మామూలు మోటారు యంత్రాన్ని అసలు తీసుకువెళ్లకూడదు. నిప్పురవ్వ బయటికి రాని, పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పెసో ఆమోదం పొందిన ఫ్లేమ్‌ప్రూఫ్ యంత్రం దొరకనప్పుడు ఆ ప్రదేశం హద్దు దాకా తక్కువ బరువుతో చేత్తో తెచ్చి, అవతల నుంచి యంత్రానికి తగిలించడమే మార్గం.

ఎంపిక ఒక కొలిక్కి వచ్చాక డబ్బు చెల్లించే ముందు యంత్రాన్ని మీ ఆవరణకే రప్పించండి. షోరూం నేల మీద ఖాళీ బిన్‌తో చూపించే ప్రదర్శన వల్ల ఉపయోగం లేదు. మీ బిన్‌ను మీ తడి చెత్తతో నింపి, ర్యాంపు మీద నీళ్లు చల్లి, సగం ఎక్కాక ఆపించి, హ్యాండిల్ వదిలించి, మళ్లీ అక్కడి నుంచే కదిలించమనండి. దిగేటప్పుడూ అలాగే చేయించండి. మొదట ఆ పనిని అమ్మేవారి మనిషి చేయాలి, దిగువన ఎవరూ నిలబడకూడదు. తరువాత రోజూ ఆ బిన్లను తోసే కార్మికుల చేత, ముఖ్యంగా వారిలో ఎత్తు తక్కువగా ఉన్నవారి చేత నడిపించి, హ్యాండిల్ ఎత్తు సరిపోయిందా, చేతి తొడుగులతో బటన్లు నొక్కగలుగుతున్నారా అని వారినే అడగాలి. కాంట్రాక్టు కార్మికులు తరచుగా మారే చోట శిక్షణను మొదటి రోజుతో ముగించకుండా, కొత్తగా చేరిన ప్రతి మనిషికీ ఇచ్చేలా కాంట్రాక్టులోనే రాయించాలి.

కొనుగోలు ఆర్డరులో ‘ఇంత బరువు లాగాలి’ అన్న మాట మాత్రమే రాయకుండా, ‘ఇంత వాలు ఉన్న తడి ర్యాంపు మీద, ఇన్ని కిలోల బిన్‌ను ఆపి, నిలిపి, మళ్లీ ఎక్కించాలి’ అని మీ కొలతలతో రాయించండి. మరమ్మతు చేసే మనిషి విశాఖలోనే ఉన్నాడా, హైదరాబాద్ నుంచో చెన్నై నుంచో రావాలా అన్నది కూడా అందులోనే తేలాలి. యంత్రం చెడిపోయిన రోజుల్లో నిండు బిన్లను మళ్లీ మనుషులతో ర్యాంపు ఎక్కించకుండా, బిన్లను సగానికే నింపడమో, చెత్తను 120 లీటర్ల చిన్న బిన్లలో పైకి తేవడమో చేసేలా ఏర్పాటు రాసి, దాన్ని సూపర్‌వైజర్ గదిలో అంటించి ఉంచండి.